పది కిలోమీటర్ల తగవు

చోడిపల్లి నూకరత్నం చెల్లెలితో మాట్లాడక తొమ్మిదేళ్లయింది. ఇది పూర్తిగా ఆమె సొంత విషయం. కొయ్యరేవు నుంచి దేవరలోయ సంత దాకా ఉన్న రోడ్డు తొమ్మిది కిలోమీటర్ల రెండు వందల మీటర్లు కాకుండా నిండా పది ఉండి ఉంటే ప్రభుత్వం ఆ సంగతి జోలికి వచ్చేదే కాదు.

తగవు పెద్దదేమీ కాదు. పెద్ద తగవులు కులపెద్దల ముందు కూర్చుంటే తీరిపోతాయి. చిన్నవే ఎండు చేపల్లాగా ఏళ్లకేళ్లు నిలవుంటాయి. తల్లి పెద్దకర్మ నాడు నూకరత్నం నూటయాభై మందికి నెత్తళ్ల పులుసు వండింది. చెల్లెలు పైడమ్మ ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని, పంక్తిలో అందరూ వింటుండగా, "పులుపు సాల్నేదప్పా. అమ్మ సెయ్యి రానేదు" అంది. నూకరత్నం గరిటె కింద పెట్టి వెళ్లి సముద్రం వైపు తిరిగి కూర్చుంది. అంతే, ఆ రోజు నుంచి మాటల్లేవు.

పైడమ్మ కాపురం గొట్టివాడలో. కొండ మొదట్లో ఉన్న ఊరది. మొగుడు అక్కడి జీడితోటకి కాపలాదారు, ఇల్లు సరిగ్గా రోడ్డు మీదే. నూకరత్నం బుధవారం బుధవారం తెల్లారేసరికి చుట్టకుదురు నెత్తిన పెట్టుకుని, దాని మీద ఎండు నెత్తళ్ల గంప ఎత్తుకుని, సముద్రం ఒడ్డమ్మట నాలుగు కిలోమీటర్లు, తాటితోపుల్లోంచి రెండు, ఆపైన లోయలోకి మిగతాది నడిచి వెళుతుంది. నడక అంటే నడకా కాదు, పరుగూ కాదు. నెత్తిన బరువున్న మనిషి ఆగితే మెడ లాగుతుంది, పరిగెడితే గంప ఒలుకుతుంది. ఆ రెంటికీ మధ్య చేపలమ్మే ఆడవాళ్లకి ఒక గునగునలాడే నడక ఉంది.

గొట్టివాడ తూము దగ్గరికి రాగానే ఆమె రోడ్డు దిగిపోతుంది. చెల్లెలి గుమ్మం ముందు నుంచి పోవడం ఇష్టం లేక జీడితోట చుట్టూ తిరిగి, ముళ్లలో పడి, ఊరికి అవతల మళ్లీ రోడ్డెక్కుతుంది. దాదాపు కిలోమీటరు చుట్టు. అయితే తోట చివర ఒక జీడిమామిడి చెట్టుంది. దాని కింద గంప దించి కాసేపు మెడ సవరించుకుంటుంది. మెడ సవరించుకోవడానికి దారిలో అంతకన్నా చల్లటి నీడలు అయిదారు ఉన్నాయి. కానీ వాటి కింద నుంచి పైడమ్మ పెరడు కనిపించదు. చెల్లెలు చిక్కిందా, ఒళ్లు చేసిందా, దగ్గుతోందా, గేదె ఈనిందా, ఇవన్నీ చూసుకుని, తను చూడనట్టే మళ్లీ గంప ఎత్తుకుంటుంది. తొమ్మిదేళ్లుగా ఈ సంగతి ఆ చెట్టుకి తప్ప ఎవరికీ తెలియదు.

ఇలా ఉండగా రాజధానిలో ఎవరో పెద్దాయన డాక్టరు మాట విని పరుగు మొదలుపెట్టాడు. నెల తిరిగేలోగా రాష్ట్రమంతా పరిగెత్తాలని ఉత్తర్వు వచ్చింది. సముద్రమూ లోయా రెండూ ఉన్న ప్రతి జిల్లాలో ఒక "సుందర పరుగు మార్గం" ఉండాలి. అది పది కిలోమీటర్లకు ఒక్క మీటరు కూడా తగ్గరాదు. గది‌లో కూర్చుని పటం మీద గీత గీస్తే చెల్లదు. సజీవ మానవుడొకడు చేతికి గడియారం కట్టుకుని స్వయంగా కాళ్లతో తిరిగి నమోదు చేసిన దారి అయి ఉండాలి. నెలాఖరుకి మార్గం చూపించలేని అధికారి రాజధానికి వచ్చి సంజాయిషీ ఇచ్చుకోవాలి.

జిల్లాలో దీనికోసం పరుగు మార్గాల సాధికార మండలి అని ఒకటి పెట్టి సదాశివరావుని ప్రత్యేకాధికారిగా వేశారు. ఆయన మొదటి అంతస్తుకి కూడా లిఫ్టు బాగయ్యేదాకా ఎక్కే మనిషి కాదు. జీపులో వెళ్లి కొలిపిస్తే రోడ్డు తొమ్మిది పాయింటు రెండు వచ్చింది. పోనీ గడియారం కట్టుకుని అటూ ఇటూ తిరిగి ఎనిమిది వందల మీటర్లు పెంచండయ్యా అంటే ఆఫీసులో ఉన్న పద్నాలుగు మందీ మర్నాటికి పద్నాలుగు మెడికల్ సర్టిఫికెట్లు పెట్టారు. చివరికి గడియారం సీనియర్ అసిస్టెంటు బలరామ్మూర్తి చేతికి వచ్చింది. రిటైర్మెంటుకి రెండేళ్లున్న ఆయన మోకాళ్ల వైపు ఓసారి చూసుకుని, రేవులో టీకొట్టు దగ్గర కూర్చుని, దేవుడా నువ్వే దిక్కని సముద్రం చూస్తూ ఉండగా ఎదురుగా గంపతో నూకరత్నం వచ్చింది.

ఇది కాస్త సంత దాకా కట్టుకుని, అక్కడ విప్పి తెచ్చిపెట్టమ్మా అని ఆయన అడిగాడు. "ఇదేటి బాబూ, బీపీ సూసీదా?" అందామె. అలాంటిదే అన్నాడు బలరామ్మూర్తి. ఆయన బీపీకి సంబంధించినంత వరకూ అది నిజమే.

సాయంత్రం గడియారంలోంచి దారి బయటికి తీస్తే పది కిలోమీటర్ల నూట ఎనభై మీటర్లు వచ్చింది. సదాశివరావు ఆ కాగితం కళ్లకద్దుకున్నాడు. హైదరాబాదు నుంచి వచ్చిన సలహాదారుడొకాయన ఆ దారిని తెర మీద వేసి వంకరవంకరకీ అర్థం చెప్పాడు. తాటితోపులో పోలేరమ్మ రాయి చుట్టూ మూడుసార్లు తిరగడం వేగ నియంత్రణ వలయమట. జమ్ములపాలెం కుక్క వెంటపడితే అడ్డదిడ్డంగా ఉరికిన చోటు చురుకుదనపు అంచె. చుట్టకుదురు జారిపడితే నలభై అడుగులు వెనక్కి వచ్చి వంగి తీసుకున్నది తిరోగమన వ్యాయామం. జీడిచెట్టు కింద ఏడు నిమిషాలు ఆగినది ఎందుకో మాత్రం ఆయనకి తట్టలేదు. ఫారంలో "ఆగిన కారణం" అనే గడి ఒకటుంది, దాన్ని ఖాళీగా వదలకూడదు. బలరామ్మూర్తి ఆలోచించి "ప్రకృతి సౌందర్యం" అని రాశాడు.

దారి గెజెట్‌లో పడింది. గెజెట్‌లో పడ్డాక అది దారి కాదు, చట్టం. నమోదైంది బుధవారం కనక పరుగు బుధవారమే. పట్నం నుంచి ఆరు వందల మంది నారింజరంగు బనీన్లు తొడుక్కుని, ఆఫీసులకి సెలవు పెట్టి వచ్చారు. పోలేరమ్మ రాయి చుట్టూ మూడుసార్లు తిరిగారు. గుర్తుపెట్టిన చోట నలభై అడుగులు వెనక్కి పరిగెత్తి, వంగి, లేని చుట్టకుదురు తీసుకున్నారు. జీడిచెట్టు కింద ఏడేసి నిమిషాలు నిలబడి, బోర్డు మీద రాసిన ప్రకారం ప్రకృతి సౌందర్యాన్ని చూశారు. వాళ్లకి కనిపించిన సౌందర్యం పైడమ్మ అంట్లు తోముకోవడం.

నూకరత్నాన్ని ఆ మొదటి బుధవారమే రేవు దగ్గర ఒక విజిల్ ఊదేవాడు ఆపేశాడు. రొమ్ము మీద నంబరు లేనిదే మార్గం మీదకి వీల్లేదన్నాడు. ఆమె ఇరవై ఏళ్లుగా నడుస్తున్న దారి. బలరామ్మూర్తి పరుగెత్తుకొచ్చి, అసలీ మార్గం పుట్టింది ఈవిడ కాళ్లలోంచేనని చెప్పి విడిపించాడు. మర్నాడు మండలి సమావేశంలో ఆమెకి "ప్రామాణిక పాదచారి" అని హోదా ఇచ్చి, నిబంధనల్లో నాలుగోది చేర్చారు. మార్గం ఎటు అన్న విషయంలో సందేహం కలిగిన యెడల ప్రామాణిక పాదచారి పాదమే మార్గం. అందుకు ప్రతిగా ఆమె ప్రతి బుధవారం గడియారం కట్టుకుని, మొదటిసారి ఎలా నడిచిందో అలాగే నడవాలి. మూడు మీటర్లు పక్కకి పోయినా మార్గం రద్దవుతుంది.

ఇది చెప్పినంత తేలిక కాలేదు. రెండో నెలలో జమ్ములపాలెం కుక్క ముసలిదై చచ్చిపోయింది. కుక్క లేకుండా ఆమె తిన్నగా నడిస్తే పద్దెనిమిది మీటర్లు తరిగిపోతుంది. మండలి టెండరు పిలిచి పొరుగుసేవల పద్ధతిలో ఇంకో కుక్కని నియమించింది. అది మంచి జాతి కుక్క. నూకరత్నాన్ని చూస్తే తోక ఊపేది. దానికి తర్ఫీదు ఇవ్వడానికి ఒక కమిటీ వేశారు. అంతదాకా కుక్క తోక ఊపినా తను భయపడినట్టు ఉరకాలని నూకరత్నానికి రాతపూర్వకంగా చెప్పారు.

"కుక్క ఎర్రిదా, మీరు ఎర్రోలా బాబూ?" అని అడిగిందామె. అది పరిశీలనలో ఉందన్నాడు బలరామ్మూర్తి.

అప్పుడొచ్చింది అసలు చిక్కు. పైడమ్మ ఆఫీసుకి వచ్చింది. ఆ సంగతంతా బలరామ్మూర్తి మర్నాడు కొయ్యరేవు వచ్చి, వలల మీద కూర్చుని నూకరత్నానికి చెప్పాడు. వారం వారం ఆరు వందల మంది వచ్చి నా పెరట్లోకి చూస్తున్నారు, నేను మనిషినా, బొమ్మనా, తడిక కట్టుకుంటానని పైడమ్మ అడిగిందట. సదాశివరావు కళ్లజోడు సవరించుకుని, "అమ్మా, మీ పెరడు ఇప్పుడు మీ పెరడు కాదు. నోటిఫైడ్ దృశ్యం. దృశ్యానికి అడ్డు కట్టడం నేరం" అన్నాడట. పైగా నమోదైన నాడు దండెం మీద ఆకుపచ్చ చీర ఉన్నట్టు విచారణలో తేలింది కనక అది తీయవద్దని, గేదెని కూడా ఎడమ పక్కనే కట్టాలని చెప్పాడట.

"నా పెరట్లో ఏటున్నాదని ఎంచినారు మీరు?" అందట పైడమ్మ.

మేము ఎంచలేదమ్మా, మొదట నమోదు చేసిన మనిషి అక్కడ ఏడు నిమిషాలు ఆగింది అన్నాడు బలరామ్మూర్తి. ఎవరని అడిగితే ఫైలు చూసి పేరు చదివాడు. ఒక్క ఆ రోజేనా అని అడిగితే, కాదమ్మా, గడియారం కట్టిన ప్రతి వారమూ అంతే, ఒక నిమిషం అటూ ఇటూ అన్నాడు.  పైడమ్మ అర్జీ కాగితం వెనక్కి తీసుకుని, నాలుగు మడతలు పెట్టి రొంటిన దోపుకుని వెళ్లిపోయిందట.

నూకరత్నం వల ముడి విప్పుతున్నది విప్పుతున్నట్టే ఆగిపోయింది. తొమ్మిదేళ్లు దాచుకున్నది గెజెట్‌లో పడిపోయింది. ఆమెకి సిగ్గేసింది. ఆ సిగ్గు కింద ఎక్కడో కాస్త హాయిగా కూడా ఉంది. "ఏటైనా అన్నాదా?" అని అడిగింది. ఏమీ అనలేదన్నాడు బలరామ్మూర్తి.

ఆయన రేవులో ఈ తగవు పుట్టుపూర్వోత్తరాలు విని ఆఫీసులో చెప్పకుండా ఉంటే బాగుండేది. అప్పచెల్లెళ్లకి మాటల్లేవు కనకనే మార్గం పది కిలోమీటర్లయిందని సదాశివరావుకి అప్పుడే అర్థమైంది. రేపు వీళ్లు కలిసిపోతే ఆవిడ తిన్నగా రోడ్డు మీద పోతుంది. తొమ్మిది పాయింటు రెండుకి వచ్చి పడతాం, సంజాయిషీకి రాజధానికి పోవాలి. ఆయన ఆ రోజే ఒక మెమో రాయించాడు. "చోడిపల్లి నూకరత్నం, పైడమ్మ అను అప్పచెల్లెళ్ల మధ్య గల మనస్పర్థలు ప్రజాప్రయోజనార్థము అవసరమై యున్నందున, సదరు మనస్పర్థలను తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు యథాతథ స్థితిలో కొనసాగించవలెను. వాటి బాగోగులపై నెలనెలా నివేదిక పంపవలెను." తోట చుట్టూ ఆకుపచ్చ వలకంచె కట్టించి, మార్గం దాటరాదని బోర్డు పెట్టించాడు.

కంచె లేనప్పుడు తొమ్మిదేళ్లు నూకరత్నం అటు అడుగు వెయ్యలేదు. కంచె పడ్డ బుధవారం నుంచి అటు వెళ్లాలని ఆమె కాళ్లు ఒకటే పీకడం మొదలుపెట్టాయి. వీళ్లెవరు వెళ్లొద్దనడానికి? వెళ్లకూడదనుకున్నది తను. ఆ హక్కు కూడా వీళ్లే లాక్కుంటే ఇంక మిగిలిందేమిటి?

నెలనెలా నివేదిక పని బలరామ్మూర్తిదే. మాటల్లేవని అప్పచెల్లెళ్లిద్దరి చేతా వేలిముద్ర వేయించుకోవాలి. మొదటి నెల నూకరత్నం వేలిముద్ర వేసి, అది దగ్గుతోంది, మందు వేసుకుంటోందా అని అడిగింది. ఆయన గొట్టివాడ వెళ్లినప్పుడు పైడమ్మ, కషాయం తాగుతున్నాను గాని అప్ప మోకాలెలా ఉందని అడిగింది. రెండో నెల నూకరత్నం ఆయన చేతిలో ఎండు రొయ్యలు పెట్టి, ఎవరివో చెప్పొద్దంది. పైడమ్మ వాసన చూసి, ఎవరివో అడగకుండా, జీడిపప్పు మూట కట్టి ఇచ్చింది. ఇద్దరి వేలిముద్రల కిందా బలరామ్మూర్తి "మాటలు లేవు" అని నిజాయతీగా రాశాడు. మూడో నెల తగవు ఆరోగ్యంగా ఉందా అని సదాశివరావు అడిగితే, కాస్త నీరసంగా ఉంది సార్ అన్నాడు.

సదాశివరావు గాభరాపడి స్వయంగా కొయ్యరేవు వచ్చాడు. చలిదేశం నుంచి తనిఖీదారు రాబోతున్నాడని, ఆయన చక్రం పెట్టి కొలిచి పది అంటే మార్గానికి అంతర్జాతీయ గుర్తింపు వస్తుందని నూకరత్నానికి వివరించాడు. ఆరోజు దాకా పట్టుదలగా ఉండాలని బతిమాలాడు. "ఆ రోజు పంక్తిలో నూటయాభై మంది ముందు ఎంత మాటంది మీ చెల్లెలు. నేనైతే జన్మలో క్షమించను. నూటయాభై మందమ్మా" అని ఎగదోశాడు.

"బాబూ, తవరికి అప్పచెల్లెల్లు ఉన్నారేటి?" అని అడిగిందామె. లేరన్నాడాయన. "మరదే" అని ఆమె లోపలికి వెళ్లిపోయింది.

తనిఖీ బుధవారం రేవు తిరణాలలా ఉంది. ముందు గంపతో నూకరత్నం, ఆమె మడమల వెనకే చక్రం దొర్లించుకుంటూ ఎర్రటి తనిఖీదారు, ఆయన వెనక రిక్షాలో సదాశివరావు, ఆ వెనక నారింజరంగు బనీన్ల ఆరు వందల మంది. రాయి చుట్టూ మూడుసార్లు తిరిగారు. కుక్క అప్పటికి తర్ఫీదై, ఒకసారి మొరిగింది. తనిఖీదారు తలాడించి రాసుకున్నాడు. తూము దగ్గర రోడ్డు దిగి, తోట చుట్టి, జీడిచెట్టు కిందికి వచ్చేసరికి పొద్దు బాగా ఎక్కింది. నూకరత్నం గంప దించి, అలవాటుగా పెరడు వైపు చూసింది.

పెరట్లో ఆకుపచ్చ చీర దండెం మీద లేదు, పైడమ్మ కట్టుకుని ఉంది. పొయ్యి ఆరుబయట పెట్టింది. దాని మీద దాక కుతకుతలాడుతోంది. గాలి ఇటు తిరిగితే నెత్తళ్ల పులుసు వాసన వచ్చింది. పొయ్యి పక్కన రెండు పీటలు వేసి ఉన్నాయి. ఒక పీట మీద పైడమ్మ కూర్చుని ఉంది. రెండోది ఖాళీగా, చెట్టు వైపు తిరిగి ఉంది. పైడమ్మ ఇటే చూస్తోంది. తొమ్మిదేళ్లలో ఇద్దరి చూపులూ కలవడం అదే మొదలు.

 నిమిషాలు లెక్కపెడుతున్న సదాశివరావు, ఏడయ్యాయి, కదలమ్మా అన్నాడు. నూకరత్నం గంప ఎత్తుకుంది. రోడ్డు వైపు తిరగలేదు. కంచె వల ఒక చేత్తో ఎత్తి, నెత్తి మీద గంప కదలకుండా వంగి, కింద నుంచి అవతలికి దూరింది. చేపల వాళ్లకి వల ఎత్తడం ఒకరు నేర్పాలా?

చేతి గడియారం కూయడం మొదలుపెట్టింది. విజిలు ఊదేవాళ్లు ఊదారు. తనిఖీదారు ఆగి సదాశివరావు వైపు చూశాడు. సదాశివరావుకి ముచ్చెమటలు పోశాయి. ఆవిడ దారి తప్పిందంటే ప్రామాణికం తప్పు. ప్రామాణికం తప్పంటే గెజెట్ తప్పు. గెజెట్ తప్పని తేలడం కన్నా రాష్ట్రం మునిగిపోవడం నయం. ఆయనకి నాలుగో నిబంధన గుర్తొచ్చింది.

"ఆవిడ పాదమే మార్గం. అందరూ వెంట నడవండి" అన్నాడు.

తనిఖీదారు చక్రం వల కింద నుంచి దూర్చాడు. వెనక ఆరు వందల మంది ఒక్కొక్కరే వంగి, నెత్తి మీద లేని గంప పట్టుకుని, దూరి, పెరట్లోకి వచ్చారు. గేదె తాడు తెంపుకుని వాళ్లకి దారిచ్చింది.

నూకరత్నం పొయ్యి దగ్గరికి వచ్చి గంప దించింది.  పైడమ్మ అప్ప భుజం మీదుగా వెనక్కి చూసి బుగ్గలు నొక్కుకుంది.

"తొమ్మిదేల్లకి ఒచ్చి, ఇంతమందినేసుకొచ్చినావేటప్పా?"

"నాను పిలిసినానేటి? ఆలే ఒచ్చినారు."

"ఒక్క దాకే ఎట్టినాను."

"నీల్లు పొయ్యి" అంది నూకరత్నం, పీట మీద కూర్చుంటూ.

నీళ్లు పోశారు. సంతకి పోవాల్సిన గంపలోంచి నాలుగు దోసిళ్ల నెత్తళ్లు వేశారు. ఇరుగుపొరుగు అన్నాలు తెచ్చారు. నారింజరంగు బనీన్లు జీడాకులు పరుచుకుని వరసగా కూర్చున్నాయి. తనిఖీదారు చక్రం గోడకి ఆనించి, పులుసు నోట్లో పెట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు, కారానికి. అందరూ తింటూ నూకరత్నం వైపు చూశారు. పైడమ్మ కూడా గరిటె పట్టుకుని నిలబడి అప్ప నోటి వైపే చూస్తోంది. నూకరత్నం ముద్ద నోట్లో పెట్టుకుని నెమ్మదిగా మింగింది.

"పులుపు సాల్నేదు" అంది.

పైడమ్మ గరిటె కింద పెట్టింది. తర్వాత కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వులోనే ఏడుపు వచ్చింది. నూకరత్నం చెల్లెలి చెయ్యి పట్టి పీట మీదికి లాగింది. అమ్మ సెయ్యి ఇద్దరికీ రానేదులే అంది. ఆ మీద ఎవరి మాట ఎవరు వింటున్నారో తెలియకుండా తొమ్మిదేళ్ల మాటలూ ఒకేసారి మాట్లాడుకున్నారు.

సదాశివరావు రిక్షాలోనే ఉన్నాడు. వల కింద నుంచి రిక్షా దూరలేదు. రెండు గంటలు గడిచాక ఆయన అక్కడి నుంచే బలరామ్మూర్తికి సైగ చేశాడు. బలరామ్మూర్తి చెయ్యి కడుక్కుని, ఫారం తీసుకుని పొయ్యి దగ్గరికి వచ్చాడు. గడియారం ఇంకా నడుస్తూనే ఉందని, ఈ ఆగినదానికి కూడా కారణం రాయాలని, గడి ఖాళీగా వదలకూడదని మొహమాటంగా చెప్పాడు.

నూకరత్నం చెల్లెలి తల్లో పేలు చూస్తోంది. తల ఎత్తకుండానే అడిగింది.

"ఆ సెట్టు కాడ ఆగినప్పుడు ఏటని రాసినారు బాబూ?"

ప్రకృతి సౌందర్యం అని రాశామమ్మా అన్నాడు బలరామ్మూర్తి.

నూకరత్నం చెల్లెలి మొహం ఇటు తిప్పి, నెరిసిన పాయ ఒకటి చెవి వెనక్కి తోసి, దగ్గర నుంచి చూసింది.

"అదే రాయండి" అంది.